పఠనము నుండి లేఖనమునకు: ఉన్నత పాఠశాలలలో ఆంగ్లరచనాబోధన, ఒక చారిత్రక పరిశీలనము

ఉపోద్ఘాతము

ఉన్నత పాఠశాలలో చదువు బాలుడు ఆంగ్లపాఠమును గడగడ చదువును. అర్థ మడిగిన చెప్పును. కాని నాలుగు వాక్యములు సొంతముగా వ్రాయుమన్నచో వాని కలము కదలదు. ఈ మాట మన తలిదండ్రుల నోటను, ఉపాధ్యాయుల నోటను తఱచుగా వినవచ్చును. దీనికి చికిత్సగా వ్యాకరణసూత్రములు మఱికొన్ని నేర్పవలెనని కొందఱును, వ్యాసములను కంఠస్థము చేయింపవలెనని మఱికొందఱును చెప్పుచుందురు. ఆంగ్లబోధన మన దేశమున వేళ్లూని రెండు శతాబ్దములకు పైబడినది. పై రెండు మార్గములును ఆ కాలమంతయు పరీక్షకు నిలిచినవే. వాని ఫలితము మన కన్నుల యెదుటనే యున్నది.

మూడవ మార్గ మొకటి కలదు. విద్యార్థి సులభమైన గ్రంథములను విరివిగా అర్థముతో చదువవలెననియు, చదివినదానినుండి క్రమక్రమముగా వ్రాతకు రావలెననియు చెప్పునది ఆ మార్గము. ఇది నేటి పాశ్చాత్య పండితులు క్రొత్తగా కనిపెట్టినది కాదు. దీని చరిత్రలో ముఖ్యఘట్టములు కొన్ని మన దేశముననే జరిగినవి. అందును బళ్ళారియు, పర్లాకిమిడియు ముందువరుసలో నిలుచును. ఈ రెండును నేడు తెలుగు రాష్ట్రముల యెల్లలకు వెలుపల నున్నవి. ఒకటి కర్ణాటకమునను మఱొకటి ఒడిశాలోను చేరినవి. కావున పరరాష్ట్రములయందు స్థిరపడిన తెలుగువారి చరిత్రను గూర్చు ఇట్టి సంపుటమున ఈ విషయమునకు తావుండుట ఉచితమని భావించి యీ వ్యాసమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

బళ్ళారి నివేదిక

1822వ సంవత్సరమున మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన రాజధానిలోని దేశీయ పాఠశాలల స్థితిని విచారించి తెలుపుమని జిల్లా కలెక్టర్లందఱిని ఆజ్ఞాపించెను. వారి నివేదికలలో మిక్కిలి ప్రసిద్ధమైనది బళ్ళారి కలెక్టరగు ఏ. డి. క్యాంబెల్ 1823లో పంపినది. ఇతడు సామాన్యాధికారి కాడు. 1816లోనే తెలుగునకు ఆంగ్లమున వ్యాకరణము రచించిన భాషావేత్త. ఆనాటి బళ్ళారి జిల్లాలో 9,27,857 మంది జనులకు 533 పాఠశాలలును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉన్నట్లు ఆయన లెక్క చెప్పెను. ఆ పాఠశాలలలో అత్యధికము తెలుగు, కన్నడ భాషలవే.

వీధిబడులలో అక్షరాభ్యాసము జరుగు తీరును క్యాంబెల్ మెచ్చుకొనెను. బాలుడు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచు, పైకి పలుకుచు నేర్చుకొనును. పిమ్మట కడితముమీదను తాటాకుమీదను వ్రాయును. ముందు నేర్చినవాడు వెనుకటివానికి నేర్పును. ఖర్చు స్వల్పము, వ్రాత, చదువు జంటగా సాగును. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని అటుపిమ్మట విద్యార్థులు వందలకొలది పద్యములను వల్లించుచుందురనియు, వాని యర్థము వారికి చిలుకకు తెలిసినంతయే తెలియుననియు ఆయన నిస్సంకోచముగా వ్రాసెను. దీనికి కారణమును కూడ చెప్పెను. బడిలో చదువు పద్యముల భాష వేఱు. ఇంటను, అంగడిని, కచ్చేరీలోను వాడు భాష వేఱు. చదివిన భాషలో వ్రాయవలసిన పని లేదు. వ్రాయవలసిన భాషలో చదువుటకు పుస్తకములు లేవు.

చదువరులు ఈ వాక్యమును జ్ఞాపకముంచుకొనవలెను. ఇది తెలుగు వీధిబడిని గూర్చి చెప్పిన మాటయే యైనను, తరువాత నూఱేండ్ల ఆంగ్లబోధనకు అక్షరాలా వర్తించినది.

మెట్రిక్యులేషను కాలము

1835లో మెకాలే వాదము గెలిచినది. 1854లో వుడ్ దొరగారి విద్యాపత్రము వెలువడినది. 1857లో మదరాసు విశ్వవిద్యాలయ మేర్పడి, ప్రవేశపరీక్షయైన మెట్రిక్యులేషను ఉన్నత పాఠశాలలకు గమ్యస్థాన మయ్యెను. ఈ పరీక్ష మన పాఠశాలలకు క్రమశిక్షణ నిచ్చినమాట నిజము. కాని దానితోడనే ఒక జాడ్యమును కూడ తెచ్చినది. నిర్ణయింపబడిన పాఠ్యగ్రంథమును పదపదమునకు అర్థము చెప్పి చదివించుట, దానికి వెలువడిన టీకలను బట్టీపట్టించుట, పరీక్షలో వానిని ఒప్పగించుట అనునవి బోధనమునకు పర్యాయపదములైనవి. వీధిబడిలో అర్థము తెలియక శతకములు వల్లించిన బాలుడే, ఇప్పుడు పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్లకవుల పంక్తులను అదే రాగముతో వల్లించెను. చదువు భాష గోల్డ్‌స్మిత్తుది, వ్రాయవలసినది సెలవుచీటి. రెంటికిని నడుమ వంతెన లేదు.

ఇట్టి కాలమునను ఆంగ్లమున చక్కగా వ్రాసిన తెలుగువారు లేకపోలేదు. వారెట్లు నేర్చిరో పరిశీలించినచో మన విషయము స్పష్టపడును. సదరు అదాలతు న్యాయస్థానమున అనువాదకుడుగా నుండిన వెన్నెలకంటి సుబ్బారావుగారు (1784-1839) విశ్వవిద్యాలయము పుట్టుటకు ముందే ఆంగ్లమున స్వీయచరిత్ర వ్రాసిరి. అది 1873లో మదరాసున ముద్రితమైనది. అనువాదకుని వృత్తి యనగా ఏమి? ప్రతిదినము ఒక భాషలో చదివి మఱొక భాషలో వ్రాయుటయే. ఆయనకు ఆ వృత్తియే పాఠశాల. గురజాడ అప్పారావుగారు విజయనగరమున విద్యార్థిదశలో నుండగనే, 1883లో, సారంగధర కథను ఆంగ్లకావ్యముగా వ్రాసి ప్రకటించిరి. కథ తెలుగునాట పసిపిల్లలకును తెలిసినది. ఛందస్సును నుడికారమును ఆంగ్లకవులను చదివి సంపాదించినవి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు గోల్డ్‌స్మిత్తు నవలను చదివి దాని పోకడను గ్రహించి తెలుగున రాజశేఖర చరిత్రమును రచించిరి. ఇచ్చట ప్రవాహము ఎదురుదిక్కున సాగినను సూత్ర మొక్కటియే. బాగుగా చదివినది మనసున ఇంకి, తన కథతో కలిసి, వ్రాతగా బయటికి వచ్చినది. టీకలను వల్లించి వీరిలో ఎవ్వరును రచయితలు కాలేదు.

1904లో భారత ప్రభుత్వము ప్రకటించిన విద్యావిధాన తీర్మానము, బాలునకు మాతృభాషలో గట్టి పునాది పడనిదే ఆంగ్లమును ప్రారంభింపరాదని స్పష్టముగా చెప్పినది. తీర్మానము కాగితముపై నిలిచినది గాని పాఠశాలల పరుగు ఆగలేదు.

పర్లాకిమిడి పాఠము

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863-1940) 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరి, సుమారు మూడు దశాబ్దములు ఆ ఊరనే బోధించిరి. ఆయన స్వయంకృషిచే పైపరీక్షలు ముగించిన విద్వాంసుడు. శ్రీముఖలింగ శాసనములను తామే చదువనేర్చిరి. కొండలలోని సవరల భాషను వారి నోటనే విని నేర్చుకొని, ఆ భాషలో వాచకములు వ్రాసి, తమ ఖర్చుతో వారికి పాఠశాలలు నెలకొల్పిరి. ఆయన సవర భాషా వ్యాకరణము 1931లోను, సవర-ఆంగ్ల నిఘంటువు 1938లోను వెలువడినవి.

ఈ మహనీయుని పేరు చెప్పగానే మనకు వ్యావహారిక భాషోద్యమము గుర్తుకు వచ్చును. ఆ యుద్యమము పుట్టినది సాహిత్యసభలో కాదు. భాషాబోధనా సమస్యనుండియని పలువురు గమనింపరు. 1907 ప్రాంతమున పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె. ఏ. యేట్స్ అను ఆంగ్లేయుడు తెలుగు నేర్చుకొనుచు ఒక చిక్కున పడెను. వాచకములలోని తెలుగు జనుల నోట వినబడదు. జనుల నోటి తెలుగు వాచకములలో కనబడదు. ఇట్లేల జరిగినదని ఆయన అడిగిన ప్రశ్న గిడుగువారిని ఆలోచింపజేసినది. ఆంగ్లేయ భాషాశాస్త్రజ్ఞుల గ్రంథములను చదివిన గిడుగువారికి, వాడుకలోనున్న భాష నాధారముగా చేసికొనియే చదువును వ్రాతను నేర్పవలెనను సూత్రము తోచినది. విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షులుగా నుండిన పి. టి. శ్రీనివాస అయ్యంగారును, విజయనగరమున గురజాడవారును ఆయనకు తోడైరి.

ఇంతలో మెట్రిక్యులేషను స్థానమున స్కూలు ఫైనలు పరీక్ష వచ్చి, తెలుగున వ్యాసరచన విద్యార్థులకు అవసరమయ్యెను. అంతవఱకు చదివి అర్థము చెప్పిన చాలును. ఇప్పుడు వ్రాయవలసి వచ్చినది. వ్రాయవలసి వచ్చిన క్షణముననే చదివిన భాషకును పలుకు భాషకును గల అగాధము బట్టబయలైనది. వివాదము చెలరేగి విశ్వవిద్యాలయము దాక పోయినది. 1914లో గురజాడవారు తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. ఆనాడు గెలుపు గ్రాంథికవాదులదే. అయినను కాలము ఎటు నడచినదో మనమెఱుగుదుము.

ఆ వివాదమున ఏ పక్షము సరియైనదను చర్చ ఇచ్చట అప్రస్తుతము. మనకు కావలసినది దానిలోని బోధనాసూత్రము. విద్యార్థి ఏ భాషను వ్రాయవలెనో ఆ భాషనే విరివిగా చదువవలెను. ఆంగ్లమునకు దీనిని అన్వయించినచో, ఉత్తరము వ్రాయవలసినవాడు ఉత్తరములను, కథ చెప్పవలసినవాడు కథలను, ఒక విషయమును వివరింపవలసినవాడు నేటి సులభమైన ఆంగ్లగద్యమును చదువవలెను. కఠినకావ్యముల టీకలనుండి సుగమమైన వచనము పుట్టదు.

1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందు చేరినప్పుడు గిడుగువారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము వెడలిరి. ఆయన వెడలిననాటికి అచ్చట తెలుగువారి సంఖ్య తక్కువ కాదు. ఇప్పటికిని ఆ ప్రాంతమున తెలుగు వినబడుచునే యున్నది. ఆయన అచ్చట పండించిన బోధనాసూత్రము మాత్రము ఏ రాష్ట్రపు సొత్తును కాదు.

ఢక్కా ప్రయోగములు

ఇక ఆంగ్లబోధనకు సూటిగా సంబంధించిన ఘట్టము. మైకేల్ వెస్టు అను ఆంగ్లేయుడు ఢక్కా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధ్యక్షుడుగా నుండెను. 1920 తరువాతి సంవత్సరములలో ఆయన వంగబాలురపై పఠన ప్రయోగములు జరిపి, 1926లో ద్విభాషాస్థితిని గూర్చి ఒక పెద్ద నివేదికను ప్రకటించెను. ఆయన వేసికొన్న ప్రశ్న మిక్కిలి ఆచరణాత్మకమైనది. బడిలో చేరినవారిలో అధికభాగము కడవఱకు చదువరు. నడుమనే మానివేసిన బాలునకు ఆంగ్లము వలన ఏమి మిగులును? జీవితభీమా పత్రమును గడువుకు ముందే వదలుకొన్నవానికి కొంత సొమ్ము తిరిగివచ్చును గదా! అట్లే చదువునకును తిరిగివచ్చు విలువ యొకటి ఉండవలెనని ఆయన వాదించెను. రెండేండ్లు మాటలాడుట నేర్చి మానివేసినవాడు త్వరలోనే అంతయు మఱచిపోవును. చదువుట నేర్చినవాడు పుస్తకము దొరికినంత కాలము ఆ విద్యను నిలుపుకొనగలడు, పెంచుకొనగలడు. కావున పఠనమే మొదట రావలెను. భాషణము, లేఖనము దానినుండి పెరుగవలెను.

అప్పటి వాచకములను పరిశీలించి వెస్టు రెండు లోపములను చూపెను. మొదటిది, అరుదైన పదములు విపరీతముగా నుండుట. రెండవది, క్రొత్తపదములు ఒకదానిపై నొకటి గుమిగూడి వచ్చి, మరల కనబడకపోవుట. బాలుడు ప్రతిపంక్తిలోను తడబడుచుండగా వానికి చదువు ఎట్లబ్బును? అందుచే ఆయన అరుదైన పదముల స్థానమున వాడుకపదముల నుంచి, క్రొత్తపదములను దూరదూరముగా చల్లి, వచ్చిన పదము పలుమాఱులు తిరిగివచ్చునట్లు వాచకములను కూర్చెను. ఇవియే తరువాత లోకప్రసిద్ధములైన ‘న్యూ మెథడ్’ వాచకములు. 1935లో ఆయన సహరచయితతో కూర్చిన నిఘంటువు 24,000 అంశములను కేవలము 1,490 పదములతో వివరించినది. 1953లో సుమారు రెండువేల అత్యావశ్యక పదముల పట్టికను ప్రకటించెను. మనము నేడు చూచు సంక్షిప్త ఆంగ్లకథల ఉపవాచకములన్నియు ఈ కృషికి ఋణపడినవే.

వెస్టు మార్గమున ఒక కొఱత కలదు. పఠనమునుండి వ్రాతకు దారి యున్నదని చెప్పెను గాని, ఆ దారిలోని మెట్లను పఠనమునకు కట్టినంత జాగ్రత్తతో కట్టలేదు. ఈ కొఱత తరువాతి చరిత్రలో ముఖ్యమైనది.

స్వాతంత్ర్యానంతరము

1948-49 నాటి విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణగారు. ఆయన నేడు తమిళనాట నున్న తిరుత్తణిలో తెలుగుకుటుంబమున జన్మించినవారు. పెరుగుచున్న విజ్ఞానముతో సంబంధము తెగకుండుటకు ఆంగ్లపఠనము ఉన్నత పాఠశాలలలోను విశ్వవిద్యాలయములలోను సాగవలెనని ఆ సంఘము చెప్పినది. 1964-66 నాటి కొఠారీ సంఘము ఉన్నతవిద్యలో ఆంగ్లమును ‘గ్రంథాలయ భాష’గా పేర్కొన్నది. అనగా మన దేశమున ఆంగ్లముతో మొదటి పని పఠనమేయని విద్యావేత్తలు అంగీకరించినట్లే.

కాని తరగతిగదులలో జరిగినది వేఱు. 1950 దశాబ్దమునుండి మదరాసు రాష్ట్రమున వాక్యనిర్మాణ పద్ధతి ప్రబలెను. 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్లసంస్థయు, 1963లో బెంగుళూరున దక్షిణభారత ప్రాంతీయ ఆంగ్లసంస్థయు వెలసి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినవి. హైదరాబాదు సంస్థయే 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. వాక్యనిర్మాణములను తేలికనుండి కఠినమునకు వరుసపెట్టి, నోట పలికించి, పట్టికలనుండి వాక్యములు వ్రాయించుట ఈ పద్ధతి. దీనివలన తప్పులు తగ్గినవి. కాని ప్రయోజనము కొఱకు చదువుట కూడ తగ్గినది. పట్టికలోని వాక్యమును తప్పులేక వ్రాయు బాలుడు, తన ఊరి జాతరను గూర్చి వ్రాయుమనగా మూగవోయెను.

ఈ యసంతృప్తినుండియే 1979లో ఎన్. ఎస్. ప్రభుగారు బెంగుళూరు, మదరాసు మున్నగు నగరముల పాఠశాలలలో నడపిన ప్రయోగము పుట్టినది. అది 1984 వఱకు సాగి, ‘బెంగుళూరు ప్రయోగము’ అను పేర లోకమున వ్యాపించినది. అందు వ్యాకరణపాఠము లేదు, పదేపదే పలికించుట లేదు. రైళ్ల కాలపట్టికను, ఊరి పటమును పిల్లల ముందుంచి, దానిని చదివి ఒక చిక్కును విడదీయుమందురు. మొదట ఉపాధ్యాయుడు తరగతితో కలిసి చేయును. పిదప అట్టి చిక్కునే బాలుడు తానై చదివి సమాధానము వ్రాయును. మనసు అర్థముపై నుండగా భాష తనంతట తాను లోన చేరునని ప్రభుగారి సిద్ధాంతము.

ఫీజీ సాక్ష్యము

పఠనము వలన వ్రాత నిజముగా పెరుగునా యను సంశయమునకు మంచి సమాధానము ఫీజీ ద్వీపములనుండి వచ్చినది. 1903నుండి మదరాసు రాజధానికి చెందిన కూలీలు, వారిలో తెలుగువారును, చెఱకుతోటలకు పోయి స్థిరపడిన దేశమది. 1980 ప్రాంతమున ఎల్లే, మంగూభాయి అను ఇరువురు విద్వాంసులు అచ్చటి గ్రామీణ పాఠశాలలలో ఆంగ్లము రెండవభాషగా నేర్చు నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు చిత్రములతో కూడిన కథాపుస్తకములను విరివిగా అందించి ఫలితమును పరీక్షించిరి. ఆ పాఠశాలలతో పోల్చుటకు పాతపద్ధతిలోనే నడచు పాఠశాలలను కొన్నింటిని ఎన్నుకొనిరి. ఎనిమిది నెలలకే పుస్తకములందిన పిల్లలు పఠనమునను, విని గ్రహించుటయందును మిన్నగా నిలిచిరి. ఇరువది నెలలకు ఆ లాభము వ్రాతకును వ్యాపించినది. 1983లో ఈ ఫలితములు ప్రకటింపబడినవి.

ఇందు గమనింపవలసినది కాలము. మొదట చదువు పండినది. వ్రాత పండుటకు మఱొక ఏడాది పట్టినది. విత్తిన మఱునాడే కోతకు కొడవలి పట్టు తలిదండ్రులును పాఠశాలలును ఈ మాటను మనసున నుంచుకొనవలెను.

రెండవవైపు కూడ చూడవలెను. కెనడా దేశమున ఫ్రెంచి మాధ్యమమున చదివిన ఆంగ్లబాలలు ఏండ్లకొలది విని, చదివి, చక్కగా గ్రహించుచున్నను, వారి మాటలోను వ్రాతలోను వ్యాకరణదోషములు నిలిచిపోయినవని మెరిల్ స్వెయిన్ 1985లో చూపిరి. గ్రహించుట వేఱు, సొంతముగా కూర్చుట వేఱు. చదివినవాడు వ్రాయవలసిన అవసరములో పడినప్పుడే తనకు తెలియనిది ఏమో వానికి తెలియును. కావున పఠనము మూలధనము. దానిని చెలామణి చేయుటకు వ్రాత కావలెను. వెస్టు వదలిన మెట్లు ఇవియే.

తెలుగు బాలుని చిక్కులు

మన పిల్లలు ఆంగ్లము వ్రాయునప్పుడు పడు చిక్కులు కొన్ని మన భాషాస్వభావము నుండి వచ్చునవి. తెలుగున ‘ఏ’, ‘ఆన్’, ‘ది’ వంటి ఉపపదములు లేవు. ఎన్ని సూత్రములు చెప్పినను వాని ప్రయోగము సూత్రములకు పూర్తిగా లొంగదు. వేలకొలది వాక్యములు చదివిన కంటికే అది తెలియును. మనకు ‘ఆకలి వేయును’, ‘సినిమా నచ్చును’. అనుభవించువాడు చతుర్థీవిభక్తిలో నుండును. ఆంగ్లమున వాడే కర్తయగును.

అన్నింటికంటె ముఖ్యమైనది క్త్వార్థకము. ‘లేచి, ముఖము కడుగుకొని, అన్నము తిని, బడికి పోయితిని’ అని మనము ఒక్క సమాపకక్రియతో నాలుగు పనులు చెప్పుదుము. ఈ గొలుసును అట్లే ఆంగ్లమునకు మార్చబోయిన బాలుడు ‘హావింగ్’ అను మాటను నాలుగుమాఱులు వ్రాసి, వాక్యము మధ్య చిక్కుకొనును. ఆంగ్లకథకుడు ఆ పనులను సమాపకక్రియలతో వరుసగా చెప్పునని, నడుమ ‘అండ్’, ‘దెన్’ వంటి మాటలతో కట్టునని పది కథలు చదివిన బాలునకు సూత్రము చెప్పకయే తెలియును. కన్నడము, తమిళము ద్రావిడభాషలగుటచే ఈ పోకడలు వానిలోను కలవు. ఒడియా, మరాఠీలు వేఱొక కుటుంబమునకు చెందినను క్రియను వాక్యాంతమున నిలుపుట, పనుల గొలుసు కట్టుట వానికిని అలవాటే. కావున హోసూరున, బళ్ళారిలో, బరంపురమున, షోలాపురమున ఉన్న తెలుగుబాలుడు ఇంటిభాషనుండియు బడిభాషనుండియు ఒకే యలవాటుతో ఆంగ్లమునకు వచ్చుచున్నాడు. ఆంగ్లవాక్యపు నడక వానికి పుస్తకమునందు తప్ప మఱెక్కడను దొరకదు.

చదువు వ్రాతగా మారు క్రమము

ఈ చరిత్రనుండి ఉపాధ్యాయులును తలిదండ్రులును గ్రహింపదగిన క్రమమును సంగ్రహముగా చెప్పుదము. మొదట, విద్యార్థి తరగతికంటె ఒక మెట్టు తేలికైన పుస్తకమును మౌనముగా చదువవలెను. పుటకు రెండు మూడు తెలియని పదములకు మించరాదు. పదకోశముకొఱకు మాటిమాటికి ఆగవలసిన పుస్తకము పఠనమునకు పనికిరాదు.

రెండవ మెట్టున, చదివిన కథను ఇంటిభాషలో చెప్పించవలెను. అర్థము పట్టుబడినదో లేదో ఇచ్చట తేలిపోవును. మూడవ మెట్టు, ఒక చిన్న ఘట్టమును తెలుగులోనికి వ్రాయించి, వారము గడచిన పిమ్మట ఆ తెలుగునుండి మరల ఆంగ్లములోనికి వ్రాయించి, మూలముతో పోల్చుకొనుమనుట. ఇది 1570లో వెలువడిన గ్రంథమున రోజర్ ఆస్కం అను ఆంగ్లగురువు లాటినుభాషకై చెప్పిన ద్వివిధానువాద పద్ధతి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ బాల్యమున దీనికి దగ్గఱి మార్గమునే ఆశ్రయించి, మెచ్చిన వ్యాసముల భావమును గుర్తుగా వ్రాసికొని, కొన్నినాళ్లకు తన మాటలలో తిరుగవ్రాసి, మూలముతో సరిచూచుకొని వచనరచన నేర్చినట్లు తన స్వీయచరిత్రలో చెప్పుకొనెను. ఇందలి గొప్ప యేమనగా, తప్పు దిద్దువాడు గురువు కాదు, గ్రంథమే. ఎఱ్ఱసిరా గీతలకంటె ఈ దిద్దుబాటు చిరకాలము నిలుచును.

నాలుగవ మెట్టున, కథను మార్చి వ్రాయుట. వేఱొక పాత్ర నోట చెప్పించుట, ముగింపు మార్చుట, అదే నడకలో తన ఊరి సంగతి వ్రాయుట. చివరి మెట్టు స్వతంత్రరచన. అప్పటికి వ్యాకరణము అక్కఱకు వచ్చును. తాను వ్రాసిన వాక్యమును తాను పరీక్షించుకొనువానికి సూత్రము దీపము; ఏమియు చదువనివానికి అది చమురు లేని ప్రమిద.

మన సమాజముల కర్తవ్యము

తెలుగు రాష్ట్రముల వెలుపల నున్న మన పిల్లల స్థితి విలక్షణమైనది. ఇంట తెలుగు, వీధిని రాష్ట్రభాష, బడిలో రాష్ట్రభాషయో ఆంగ్లమో. తమిళనాట 2006 నాటి చట్టముచే పదవ తరగతి వఱకు తమిళాభ్యసనము నిర్బంధమైనది. యానామున ఒకప్పుడు ఐరోపాభాషయనగా ఫ్రెంచియే. 1954లో ఆ పాలన తొలగినది. ముంబాయి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున బడులు నడపినను, నేటి తలిదండ్రుల చూపు ఆంగ్లబడులవైపే. రాష్ట్రభాషను నేర్చుట మన ధర్మము. దానిపై ఫిర్యాదు లేదు. భయపడవలసినది మఱొకటి. మన బాలుడు తెలుగును మాటలాడును గాని చదువడు. రాష్ట్రభాషను పరీక్షకొఱకు చదువును. ఆంగ్లమును టీకలనుండి వల్లించును. మూడు భాషలుండియు ఒక్కదానిలోను పుస్తకము చదివి ఆనందింపనివాడు, ఏ భాషలో వ్రాయును?

ఒక భాషలో నేర్చిన పఠనశక్తి రెండవభాషకు తోడ్పడునని జిమ్ కమిన్స్ 1979నుండి ప్రతిపాదించుచు వచ్చిరి. తెలుగు కథను తనివిదీర చదివినవాడు, కథ ఎట్లు మొదలగునో, ఎచ్చట మలుపు తిరుగునో, ఏ మాట వెనుక ఏ మాట రావలెనో తెలిసికొని ఆంగ్లపుస్తకమును తెఱచును. ఇంట తెలుగు చదివించినచో ఆంగ్లము చెడునను భయమునకు ఆధారము లేదు. 1904 నాటి తీర్మానమును, గిడుగువారి యనుభవమును, కమిన్సు ప్రతిపాదనమును ఈ యొక్క విషయమున ఏకవాక్యత కలిగియున్నవి.

1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథభాండాగార ప్రతినిధుల సభ జరిగిననాటినుండి గ్రంథాలయము నెలకొల్పుట తెలుగువారికి సమాజసేవలో తొలిమెట్టుగా నుండెను. ఆ సంప్రదాయమును పరరాష్ట్రమునందలి మన సంఘములు పునరుద్ధరింపవచ్చును. పెద్ద భవనము అవసరము లేదు. సంఘపు గదిలో ఒక బీరువా, అందు ఒక వరుస తేలిక తెలుగు కథలు, ఒక వరుస ఆ రాష్ట్రభాషలోని కథలు, ఒక వరుస సులభాంగ్ల ఉపవాచకములు. ఆదివారము రెండుగంటల మౌనపఠనము. చదివినదానిని గూర్చి మూడు భాషలలో ఏదేని యొకదానియందు పుటెడు వ్రాత. సంవత్సరాంతమున ఆ వ్రాతలతో ఒక చిన్న సంచిక. ఉగాదికి పాటలపోటీలు, నాటకములు జరుపుచున్న సంఘములకు ఇది భారము కాజాలదు.

బళ్ళారి వీధిబడిలో 1823లో అర్థము తెలియక వల్లించిన బాలుని స్థానమున నేడు మన మనుమడు కూర్చున్నాడు. వాని ముందున్న పద్యము మారినది, వల్లించుట మారలేదు. వాని చేతికి అర్థమగు పుస్తకము నిచ్చుట ప్రభుత్వము చేయునని వేచియుండనక్కఱలేదు. అది మన యింటను, మన సంఘమందిరమునను ఈ యేడే ప్రారంభింపదగిన పని. పెద్దలు దీనిని ఆలోచింతురుగాక!